మైనం మీద గాంధారం

పదకొండేళ్ళ క్రితం నేనొక వ్యాసం రాశాను. ఈమని శంకరశాస్త్రి వీణ గురించీ, ఆయన శిష్యుడు చిట్టిబాబు వీణ గురించీ. గురువుది లోతు, శిష్యుడిది తళుకు అని అందులో తేల్చిపారేశాను. ఆ రెండు మాటలూ బాగా అతికినట్టున్నాయి, చాలామంది మెచ్చుకున్నారు. ఒకరిద్దరు తమ వ్యాసాల్లో వాడుకున్నారు కూడా. అప్పటికి నేను వీణ ముట్టుకుని మూడేళ్ళయింది. ఆ సంగతి మాత్రం వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు.

ఇప్పుడు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుందామని కూచున్నాను. కొత్త రికార్డులేవో దొరికి కాదు. ఒక పాడుబడ్డ వీణని బాగు చేయించడం వల్ల.

కాకినాడలో మా మాస్టారి వీణ అది. బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగని తొలిచి చేసిన ఏకాండ వీణ. ఆయన పోయాక ఆరేళ్ళు అటక మీద ఉంది. నిరుడు ఆ ఇల్లు అమ్మేస్తూ వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "నువ్వు తీసుకుంటావా, లేకపోతే ఎవరైనా ఇంటీరియర్ డెకరేషన్‌కి అడుగుతున్నారు, ఇచ్చేయమంటావా?" అని. డెకరేషన్ అన్న మాట వినగానే బస్సెక్కాను. వెళ్ళి చూస్తే కుండ మీద జానెడు బీట. మెట్ల కింద మైనం ఎండి పెళుసుబారి, నాలుగు మెట్లు ఊడి సంచీలో ఉన్నాయి. సొరబుర్ర నలిగింది. బిరడలు నిలవడం లేదు, ఇలా తిప్పితే అలా జారిపోతున్నాయి. యాళి ముఖానికి ఒక కన్ను లేదు.

హైదరాబాద్‌లో ఒక దుకాణానికి పట్టుకెళ్తే, "దీని మీద పెట్టే డబ్బుకి ఇంకొంచెం కలుపుకుంటే పెట్టెలో పట్టే ఎలక్ట్రానిక్ వీణ వస్తుంది మేడమ్, మైనం గొడవ ఉండదు, మెట్లు స్క్రూలతో బిగిస్తారు" అన్నారు. వాళ్ళన్నదాంట్లో అబద్ధం లేదు. ప్రయాణాలు చేసేవాళ్ళకి అదే నయం. కానీ నేను ప్రయాణాలు చేసే కళాకారిణిని కాను. విజయనగరం దాకా రైల్లో పై బెర్తు మీద వీణని పడుకోబెట్టి, నేను కింద కూచుని, అక్కణ్ణించి బొబ్బిలి వెళ్ళాను. అక్కడ గొల్లపల్లిలో తరాలుగా వీణలు చేసే కుటుంబాలున్నాయి.

పెద్దాయన వీణని ఒళ్ళో పెట్టుకుని, మీటకుండా ముందు తట్టాడు. కుండ మీద, దండి మీద, మళ్ళీ కుండ మీద. "ఏటమ్మా, ఇన్నేళ్ళు మూల పడీసినారు?" అన్నాడు. జవాబు నాకు తెలుసు గానీ చెప్పలేదు.

వీణ బాగు చేయడంలో చెక్కపని పెద్ద గొడవేం కాదు. బీటలోకి సన్నటి పనస పేడు దూర్చి అతికించాడు. నలిగిన సొరబుర్ర తీసి ఫైబర్‌ది పెట్టాడు. ఆ బుర్ర మోత కోసం కాదు, తొడ మీద ఆనడానికి, కాబట్టి నేనూ పట్టుపట్టలేదు. అసలు పనంతా మేళం కట్టడంలో ఉంది. దండికి రెండు పక్కలా తేనెమైనంలో గుగ్గిలం, బొగ్గుపొడి కలిపి కాచిన నల్లటి ముద్దతో రెండు గట్లు పోస్తారు. ఆ గట్ల మీద 24 మెట్లు అడ్డంగా కూర్చుతారు. స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. ఏ మెట్టు ఎక్కడ కూచోవాలన్నది కట్టేవాడి చెవే చెప్తుంది. మైనం చల్లారేలోపు మెట్టుని గోరంత జరుపుతాడు, తీగ నొక్కి వింటాడు, మళ్ళీ జరుపుతాడు. గిటారులా ఫ్యాక్టరీలో ఒక్కసారి కొలిచి బిగించేసే వ్యవహారం కాదిది. కొన్నేళ్ళకి మైనం ఎండుతుంది, మెట్లు అరుగుతాయి, అంతా పీకి మళ్ళీ కట్టాలి. అంటే, వందేళ్ళ వీణకైనా స్వరస్థానాలు మాత్రం మొన్నమొన్నటివే.

పాత మైనం పీకేసి ఆ 24 మెట్లనీ వరసలో గోనెపట్టా మీద పరిచాడాయన. నేను పక్కన కూచుని చూస్తున్నా. మెట్ల మీద గాళ్ళు పడి ఉన్నాయి, ఏళ్ళ తరబడి తీగ నొక్కి నొక్కి. ఊరికే నొక్కి వదిలేసిన చోట సన్నటి కోతలా ఉంటుంది. తీగని పక్కకి లాగి గమకం పలికించిన చోట మెట్టు వెడల్పుగా, నునుపుగా అరుగుతుంది. మా మాస్టారు లాగే మనిషి. ఒక మెట్టు మీద వేలుంచి, ఒక్క మీటుకి మూడు నాలుగు స్వరాలు తీగని లాగే పలికించేవారు. "మీటు తక్కువ, మాట ఎక్కువ" అనేవారు. ఈమని వారి బాణీ అదేనని మాకు నూరిపోశారు. అనుకున్నట్టే కింది స్థాయి మెట్లు వెడల్పుగా అరిగి ఉన్నాయి.

పైస్థాయి మెట్లు చూస్తే అయోమయంగా అనిపించింది. వాటి మీద సన్నటి కోతలు, లోతుగా, చాలా. ఎవరో అక్కడ చకచకా, లాగకుండా, మెట్టు మెట్టుకీ దూకుతూ ఏళ్ళకేళ్ళు వాయించారు. మాకు తెలిసి మాస్టారు ఆ పక్కకి ఎప్పుడో గానీ వెళ్ళేవారు కాదు. పైన గెంతేవాళ్ళని వెక్కిరించేవారు. చిట్టిబాబు మా ఊరివాడే, కాకినాడవాడే. అయినా మా క్లాసులో ఆ పేరు ఎత్తితే మాస్టారి మొహం మారిపోయేది.

వాళ్ళమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ఆమెకి ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. "రిటైరయ్యాక నాన్నగారు సినిమా పాటలు చెప్పేవారుగా. వీణ నేర్చుకోడానికి వచ్చేవాళ్ళంతా అవే అడిగేవారు. పెన్షన్ లేని ఉద్యోగం కదా ఆయనది" అంది. తర్వాత ఇల్లు రిజిస్ట్రేషన్ సంగతులు చెప్పింది. నేను ఊ కొడుతూ విన్నాను. మేమంతా హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ కూచుని ఆయన పేరు మీద స్వచ్ఛత గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లో ఆయన అక్కడ, ఆ పై మెట్ల మీద, ఇంటి ఖర్చులు సంపాదించుకుంటున్నారు.

మూడో రోజు మేళం కట్టడం మొదలైంది. సారణి తీగ శ్రుతి చేసి, పంచమం, పై షడ్జం ముందు నిలబెట్టాడు. తర్వాత మిగతావి. అంతర గాంధారం పెట్టగానే నాలో చదువుకున్న మనిషి నిద్రలేచింది. ఫోన్ తీసి ట్యూనర్ యాప్ పెట్టాను. ముల్లు ఎడమవైపు ఒరిగింది. "బాబాయ్, గాంధారం తగ్గింది" అన్నాను. ఆయన ఫోన్ వైపు చూడనన్నా చూడలేదు. పక్కనున్న మూడు తాళం తీగలూ మోగించి, వాటి మీద ఆ గాంధారం మీటాడు. కలిసిపోయింది. తర్వాత మెట్టుని వెంట్రుకవాసి పైకి జరిపాడు, యాప్ సంతోషించే చోటుకి. మళ్ళీ మీటాడు. ఈసారి తాళం తీగల మోతలో సన్నటి వణుకు. రెండు గొంతులు ఒకే మాట ఒకేసారి అనబోయి తడబడినట్టు.

ఇందులో మాయేం లేదు, లెక్కే. స్థాయిని 1200 సెంట్లుగా పంచితే కీబోర్డు గాంధారం 400 దగ్గరుంటుంది. షడ్జంతో పూర్తిగా కలిసిపోయే గాంధారం 386 దగ్గర. యాప్‌కి కీబోర్డే ప్రమాణం. పద్నాలుగు సెంట్ల తేడా. ఇదంతా నేను పుస్తకాల్లో చదివాను, రెండుసార్లు వ్యాసాల్లో రాశాను. అయినా చెవి ముందు పెడితే ఫోన్‌నే నమ్మాను. పెద్దాయన ఇంకో కారణం కూడా చెప్పాడు, అది ఏ పుస్తకంలోనూ నా కంటపడలేదు. "తక్కువుంటే మీ చెయ్యి లాగి సద్దుకుంటాది. ఎక్కువుంటే ఎవుడు దించుతాడమ్మా?"

వీణ తీగని పక్కకి లాగితే స్వరం పెరుగుతుంది, తగ్గదు. కాబట్టి మెట్టు కాస్త కిందుంటే వేలితో దిద్దుకోవచ్చు, పైనుంటే దారి లేదు. ఈ చిన్న సంగతి నా పాత వ్యాసాన్ని మొత్తం కూలదోసింది. ఎలాగో చెప్తాను.

ఈమని వారి వీణలో నేను మెచ్చుకున్నది లాగుడు. నిజంగానే అది గొప్పది. ఆలాపనలో ఒక్క మీటు మీటి, మోత చచ్చిపోయేలోపు ఆయన తీగ మీద చేసే ప్రయాణం వింటే అది గొంతా తీగా అన్న అనుమానం వస్తుంది. కానీ నేను దాన్ని లోతు అని పిలిచి, మెట్ల మీద సూటిగా వాయించే పద్ధతిని పైపైది అన్నాను. పద్నాలుగేళ్ళ తర్వాత వీణ ఒళ్ళో పెట్టుకున్నాక తెలిసిందేమిటంటే, లాగే వాయింపులో నా తప్పులు దాక్కుంటాయి. స్వరం చేరేది కదులుతూ కాబట్టి, ఎక్కడాగానో చెవికి వెంటనే తెలియదు. కాస్త వణికిస్తే గమకం అనిపించుకుంటుంది. కొన్నాళ్ళు నా స్నేహితుల ముందు అలాగే నెట్టుకొచ్చాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చిట్టిబాబు రికార్డుల్లో అందరికీ తెలిసింది పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ కృతి రఘువంశ సుధ, కదనకుతూహల రాగం. ఆ రాగం ఎక్కేటప్పుడు వరసగా మెట్లెక్కదు. స రి మ ద ని, అక్కణ్ణించి గాంధారానికి, పంచమానికి, మళ్ళీ షడ్జానికి. అన్నీ దూకుళ్ళే. గమకానికి చోటు తక్కువ. నేను దాన్ని 'బ్యాండు మేళం' అని వెక్కిరించాను, ఆ మాట ఇప్పుడు చదువుకుంటే చెంప చెళ్ళుమంటుంది. కొత్త మేళం కట్టించుకుని వచ్చిన వారానికి, ఎవరూ లేనప్పుడు, తలుపేసుకుని అది వాయించబోయాను. నిషాదం నుంచి ఆ పై గాంధారానికి వెళ్ళాలి. అక్కడ మెట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. వేలు మెట్టు మీద సరిగ్గా ఆనకపోతే తీగ కరకరమంటుంది. కాస్త గట్టిగా నొక్కితే స్వరం పైకి పోతుంది, దింపడానికి వీల్లేదు. దాక్కోడానికి అక్కడేమీ లేదు. ఇరవైసార్లు వాయించాను. ఒక్కసారి కూడా ఆ గాంధారం ఆయన గాంధారంలా నిలబడలేదు.

అప్పుడు రికార్డు మళ్ళీ పెట్టుకుని, కళ్ళతో చేతిని ఊహించుకుంటూ విన్నాను. వేగం సంగతి కాదు, వేగం ఎవరైనా సాధిస్తారు. ఆ దూకుళ్ళ మధ్య తీగ మోత తెగకపోవడం విన్నాను. ఒక మెట్టు మీంచి వేలు లేచే క్షణానికీ ఇంకో మెట్టు మీద ఆనే క్షణానికీ మధ్య ఖాళీ లేదు. మైకుని ఆయన అలంకారంగా వాడుకున్నాడని రాశాను అప్పట్లో. నిజానికి వీణ చిన్న గదుల వాద్యం. మద్రాసులో వీణ ధనమ్మాళ్ మైకు లేకుండా, ఇంట్లో కూచున్న కొద్దిమందికి వాయించింది. వాళ్ళు ఊపిరి బిగబట్టి విన్నారని చెప్పుకుంటారు. వెయ్యిమంది కూచునే హాల్లో ఆ వీణ మూడో వరసకి కూడా చేరదు. మైకు పెడితే మోత నిలుస్తుంది, నిలిచినప్పుడు చేతి తప్పులన్నీ అంతే పెద్దవిగా వినిపిస్తాయి. చిట్టిబాబు ఆ పెద్దద్దం ముందు కూచుని వాయించాడు.

అలాగని ఆయన వాయించిందంతా నెత్తిన పెట్టుకోను. కొన్ని రికార్డుల్లో చమత్కారం ఎక్కువై సంగీతం పక్కకి జరిగిందని ఇప్పటికీ అనుకుంటాను. కొమ్మలో కోయిలలో పక్షి కూత మొదటిసారి ముచ్చటగా ఉంటుంది, మూడోసారికి నాకు చాలు. కానీ తళుకు అన్న ఒక్క మాటతో ఒక మనిషి చేతిని కొట్టేయడం విమర్శ కాదు.

ఇంకో సంగతి, ఇది సిగ్గుపడాల్సింది. గురువు శుద్ధ శాస్త్రీయం, శిష్యుడు సినిమా అన్న నా విభజన నిలవదని అప్పుడే నాకు తెలుసు. ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని వారు మద్రాసులో జెమినీ స్టూడియో సంగీత విభాగంలో పనిచేశారు. ఆ తర్వాత ఆకాశవాణి ఢిల్లీలో వాద్యబృందానికి రచనలు చేశారు. ఎవరెస్టు ఎక్కడాన్ని సంగీతంలో చిత్రిస్తూ ఆదర్శ శిఖరారోహణం అని కట్టారు. శిష్యుడు కోయిలని అనుకరిస్తే చమత్కారం, గురువు కొండెక్కితే కల్పన! ఇవన్నీ నా నోట్సులో ఉన్నాయి. వ్యాసంలోకి రానివ్వలేదు, వస్తే వ్యాసం ఉండదు కాబట్టి.

స్వచ్ఛత మాటొచ్చింది కనక ఇంకో చిన్న పక్కదారి. వేల ఏళ్ళ వీణ అని మనం ఊరికే అనేస్తుంటాం. అమరావతి శిల్పాల్లో, నాగార్జునకొండ శిల్పాల్లో వాయించేవాళ్ళ చేతుల్లో ఉన్నది చూడండి. విల్లులా వంగిన హార్ప్. సముద్రగుప్తుడి బంగారు నాణెం మీద ఆయన ఒళ్ళోనూ అదే. దానికి మెట్లే ఉండవు, ఒక్కో తీగ ఒక్కో స్వరం. వీణ అన్న పేరు ముందు దానిదే. ఇక్కడ అది మాయమైంది, బర్మాలో సౌంగ్ అన్న పేరుతో దాని చుట్టం ఇప్పటికీ మోగుతోంది. మెట్లు 24 స్థిరంగా ఉన్న మన వీణ తంజావూరులో రఘునాథనాయకుడి కాలంలో, 17వ శతాబ్దంలో కుదురుకుందని అంటారు. అంటే మనది నాలుగువందల ఏళ్ళ మాట. తక్కువేం కాదు, వేలు మాత్రం కాదు. పైగా ఆ మెట్లు కూచున్నది మైనం మీద.

ఇప్పుడు శనివారాలు పొద్దున ముగ్గురికి చెప్తున్నాను. చెప్పడం నా ఆలోచన కాదు. కింది ఫ్లాట్‌లో పదో తరగతి చదివే అమ్మాయి లిఫ్ట్‌లో నా చేతివేళ్ళ మీద గాట్లు చూసి అడిగింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకాల వచ్చారు. మొదట్లో నా మాస్టారి గొంతే నా నోట్లోంచి వచ్చేది. "మీటు తగ్గించు", "లాగు, దూకకు". సరళీ స్వరాలు కూడా రాని పిల్లకి లాగుడు గురించి ఉపన్యాసాలు! రెండు నెలలకి గమనించాను, ఆ పిల్ల ప్రతి స్వరాన్నీ వణికిస్తోంది, ఏదీ నిలబెట్టడం లేదు. అది నేను నేర్పిందే. నా దగ్గరున్న జబ్బే అంటించాను.

అందుకని వెనక్కి వెళ్ళాం. లాగుళ్ళు బందు. సూటిగా మెట్టు మీద వేలు, ఒక్క మీటు, మోత పోయేదాకా వినడం. ఎడమ చేతి వేళ్ళకి కాస్త కొబ్బరినూనె, అంతే. ఆ పిల్లకి ఇది విసుగు. నాకూ విసుగే. కానీ నాలుగు వారాల తర్వాత ఒక శనివారం ఆమె మోహనంలో గాంధారం నొక్కి, తాళం తీగలు మోగించి, "ఆంటీ, ఇప్పుడు కలిసింది కదా?" అంది. యాప్ పెట్టలేదు. కలిసింది.

మొన్న మే నెలలో మా ఇంట్లో రెండు రోజులు కరెంటు సరిగ్గా లేదు. ఆ వేడికి వీణ మైనం మెత్తబడి, పైస్థాయి గాంధారం మెట్టు ఒక పక్కకి ఒరిగింది. బొబ్బిలికి ఫోన్ చేస్తే పెద్దాయన, "మీరే సెయ్యండమ్మా, గరిటె కాల్చి మైనానికి కాస్త తగిలించి జరపండి, సెవి పెట్టి" అన్నాడు. గరిటె స్టవ్ మీద కాలుతుంటే ఆ అమ్మాయి వచ్చింది, క్లాసు టైమైంది. రఘువంశ సుధ రికార్డు ఎక్కడో విన్నదట. అది నేర్పుతారా అని అడిగింది.

నాకు రాదని చెప్పాను. ముందు ఈ మెట్టు పట్టుకోమన్నాను. ఆమె తాళం తీగలు మోగిస్తుంటే నేను మెట్టుని జరుపుతూ పోయాను. "ఇంకొంచెం కిందకి ఆంటీ," అంది. "ఇంకొంచెం."